చిరాకును ఇంగ్లీషులో చెప్పాలంటే: ఏ ఇడియమ్ ఎక్కడ, ఎందుకు

"ఎవరైనా విసిగిస్తే 'ఐ యామ్ ఇరిటేటెడ్' తప్ప ఇంకో మాట రావడం లేదు, ఇంగ్లీషువాళ్ళు ఏమంటారు?" అని ఒకరు అడిగారు.

జాబితా బట్టీ పట్టేముందు ఒక తేడా గమనించండి. తెలుగులో చిరాకు మనకు 'వస్తుంది': నాకు విసుగొస్తోంది, నాకు చిరాగ్గా ఉంది. విసిగించిందెవరో చెప్పకపోయినా వాక్యం నడుస్తుంది. ఇంగ్లీషులో ఈ కోవ ఇడియమ్స్‌లో చాలావాటికి విసిగించే మనిషో, వస్తువో, అలవాటో కర్తగా ముందుండాలి. ఈ తేడా పట్టించుకోకపోతే 'నాకు ఇరిటేటింగ్‌గా ఉంది' అనే మన మాట 'ఐ యామ్ ఇరిటేటింగ్' అయిపోతుంది. అంటే 'నేను ఎదుటివాళ్ళకి చిరాకు తెప్పిస్తాను' అని. చిరాకు పుట్టించేదానికి చివర 'ఇంగ్', చిరాకు పడేవాడికి చివర 'ఎడ్'.

మొదట నేర్చుకోవలసింది 'గెట్స్ ఆన్ మై నర్వ్స్'. పదేపదే జరిగే చిన్న విషయానికి సరిపోతుంది: 'హిస్ వాయిస్ గెట్స్ ఆన్ మై నర్వ్స్'. 'నర్వ్స్' ఎప్పుడూ బహువచనమే, 'ఆన్' మారదు. ఎప్పుడూ ఉండే చిరాకైతే 'గెట్స్', ఈ క్షణంలో జరుగుతున్నదైతే 'ఈజ్ గెటింగ్'. ఇంకా ఘాటుగా, మనం జుట్టు పీక్కునే స్థాయిలో ఉంటే 'డ్రైవ్స్ మీ అప్ ద వాల్'. ఇక్కడ చాలామంది 'ఆన్ ద వాల్' అంటారు, అది తప్పు. గోడ పైకి ఎక్కించడం కాబట్టి 'అప్'. జరిగిపోయినదైతే 'డ్రోవ్ మీ అప్ ద వాల్'.

'రబ్స్ మీ ద రాంగ్ వే' కథ వేరు. పిల్లి వీపును రోమం వాలుకు ఎదురుగా నిమిరితే దానికి నచ్చదు కదా, అలాంటిది. ఎదుటి మనిషి తప్పేమీ చేయకపోయినా, అతని తీరు మనకు పడకపోతే ఈ మాట వాడతారు. బ్రిటన్‌లో మధ్యలో 'అప్' చేర్చి 'రబ్స్ మీ అప్ ద రాంగ్ వే' అంటారు. ఎవరైనా మీ డబ్బు ఎగ్గొడితే మాత్రం ఇది వాడకండి, మరీ తేలికైపోతుంది.

చిరాకు పడేవాడు కర్తగా ఉండేవి కూడా ఉన్నాయి, మన తెలుగు ఆలోచనకు ఇవే దగ్గర. 'ఐ యామ్ ఫెడ్ అప్ విత్ వెయిటింగ్' అంటే ఎదురుచూసి విసిగిపోయానని. 'ఫెడ్ అప్ టు వెయిట్' తప్పు. 'ఫెడ్ అప్ ఆఫ్' మాటల్లో వినిపిస్తుంది కానీ పరీక్షలో, ఉత్తరంలో 'విత్' రాయండి. 'సిక్ అండ్ టైర్డ్'కి మాత్రం 'ఆఫ్'. ఓపిక పూర్తిగా అయిపోతే బ్రిటన్‌లో 'అట్ ద ఎండ్ ఆఫ్ మై టెథర్', అమెరికాలో 'అట్ ద ఎండ్ ఆఫ్ మై రోప్'. టెథర్ అంటే మన పలుపుతాడే. కట్టేసిన పశువు తాడు అందినంత మేర మేసేసి, ఇక ముందుకు పోలేక ఆగిపోతుంది. ఆ బొమ్మ ఒకసారి మనసులో పడితే ఇడియమ్ మరచిపోరు.

'ద లాస్ట్ స్ట్రా' ఒంటె నడుము విరిచిన చివరి గడ్డిపోచ. అంతకుముందు చాలా భరించి ఉండాలి. ఒకే ఒక్క పెద్ద గొడవ జరిగితే అది లాస్ట్ స్ట్రా కాదు. 'పెట్ పీవ్' అంటే మనకు ప్రత్యేకంగా నచ్చని చిన్న అలవాటు, ఉదాహరణకు నోరు తెరిచి నమలడం. అన్యాయాన్నో అవమానాన్నో పెట్ పీవ్ అంటే వినేవాళ్ళకు మీరు దాన్ని చిన్నది చేసినట్టు ఉంటుంది. బ్రిటన్‌లో దీన్నే 'పెట్ హేట్' అంటారు.

'గెట్స్ మై గోట్' కూడా చిరాకు తెప్పించడమే. పందెపు గుర్రాన్ని శాంతపరచడానికి కట్టేసిన మేకను ఎత్తుకెళ్ళారనే కథ బాగా తిరుగుతుంది కానీ దానికి గట్టి ఆధారం లేదు. మాట వాడండి, కథ నమ్మనక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు తలకాయ దగ్గర జరుగుతుంది. 'నా తల తినకు' అనేదాన్ని 'డోంట్ ఈట్ మై హెడ్' అంటే మన దేశంలో అర్థమవుతుంది, లండన్‌లోనో డల్లాస్‌లోనో తెల్లమొహం వేస్తారు. అక్కడ 'స్టాప్ బగింగ్ మీ' అనండి. దానికి దగ్గరగా కనిపించే 'బైట్ మై హెడ్ ఆఫ్' అర్థం ఇంచుమించు తలకిందులు: చిరాకులో ఉన్న మనిషి ఎదుటివాడి మీద కస్సుమనడం. 'ఐ ఆస్క్‌డ్ ఎ సింపుల్ క్వశ్చన్ అండ్ షి బిట్ మై హెడ్ ఆఫ్' అంటే తల తిన్నది ఆమె కాదు, విసిగించానేమో అని ఆలోచించుకోవలసింది మీరు.

'పిస్డ్' జోలికి తెలిసేదాకా వెళ్ళకండి. అమెరికాలో కోపంగా ఉన్నానని, బ్రిటన్‌లో తాగి ఉన్నానని అర్థం. 'పిస్డ్ ఆఫ్' అంటే రెండు చోట్లా కోపమే, రెండు చోట్లా మోటు మాటే. దగ్గరి స్నేహితులతో సరే, మేనేజర్ ముందు వద్దు.

ఆఫీసు మెయిల్‌లో అయితే ఈ ఇడియమ్స్ ఏవీ పెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. 'యూ ఆర్ గెటింగ్ ఆన్ మై నర్వ్స్' అని రాస్తే మనిషిని తిట్టినట్టవుతుంది. మనిషిని వదిలి పనిని కర్తగా పెట్టండి: 'ద రిపీటెడ్ డిలేస్ ఆర్ ఫ్రస్ట్రేటింగ్', వెంటనే ఏ తేదీకి ఏం కావాలో మరో వాక్యం.