పల్లీ అలర్జీకి ఓఐటీనా, జోలేర్ ఇంజెక్షన్లా?

మీ అయిదేళ్ళ బాబుకి పల్లీలు పడవు, అలర్జిస్టు ఓఐటీ (ఓరల్ ఇమ్యునోథెరపీ, అంటే పల్లీనే కొంచెం కొంచెంగా తినిపిస్తూ ఒంటికి అలవాటు చేసే వైద్యం) గానీ జోలేర్ గానీ చేద్దామన్నారు, వేసవిలో విజయవాడ వెళ్ళాలి, ఏది మేలు అని అడిగారు కదా. మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకి ఓఐటీ చేయించాం, ఇప్పుడు మెయింటెనెన్స్ డోసు (ఇక పెంచకుండా రోజూ అదే మోతాదు) మీద ఉంది. మాకు తెలిసింది చెప్తాను, నిర్ణయం మీరూ మీ డాక్టరూ కలిసి తీసుకోండి.

రెండింటిలో ఏదీ అలర్జీని పూర్తిగా పోగొట్టేది కాదు. పాలు, గుడ్ల అలర్జీ చాలామంది పిల్లలకి పెద్దయ్యేకొద్దీ పోతుంది గానీ, పల్లీలది పోయేది అయిదుగురిలో ఒకరికే. పొరపాటున ఒక ముక్క నోట్లోకి పోయినా ప్రాణం మీదికి రాకుండా చూడటమే ఈ వైద్యాల పని. బాబు రేపట్నుంచి పల్లీ చట్నీతో ఇడ్లీ తినేస్తాడని మాత్రం లెక్కేసుకోకండి.

ఓఐటీలో పల్లీ పిండిని మిల్లీగ్రాముల్లో తూచి మొదలుపెడతారు. రెండు వారాలకోసారి క్లినిక్‌లో డోసు పెంచి, గంటసేపు కూర్చోబెట్టి చూసి పంపిస్తారు. చాలామందికి 300 మిల్లీగ్రాముల ప్రొటీన్, అంటే దాదాపు ఒక గింజ దగ్గర ఆపుతారు. చెప్పుకోడానికి ఇంతే. కష్టమంతా ఇంట్లో. రోజూ వెయ్యాలి, ఖాళీ కడుపున వెయ్యకూడదు. వేశాక రెండు గంటలపాటు పరుగులు, ఎగురుళ్ళు, వేడినీళ్ళ స్నానం ఉండకూడదు, వెంటనే పడుకోకూడదు. జ్వరమొస్తే క్లినిక్‌కి ఫోన్ చేసి డోసు ఎంతో కనుక్కోవాలి. అయిదేళ్ళ పిల్లాణ్ణి రెండు గంటలు కుదురుగా కూర్చోబెట్టడం ఎలాగో మీకు నేను చెప్పాలా! మేం కూచిపూడి క్లాసు శనివారం పొద్దుటికి మార్చుకున్నాం. నోట్లో దురద, కడుపునొప్పి మామూలే. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి రుచి. చిన్నప్పట్నుంచీ దూరంపెట్టిన వాసన కదా, పిల్లలకి అసహ్యం. చాక్లెట్ పుడ్డింగ్, జామ్ అన్నీ అయ్యాక మా ఇంట్లో పనిచేసింది మాగాయ కలిపిన పెరుగన్నం ముద్ద.

జోలేర్ వేరే దారి. ఆస్తమాకి ఎప్పట్నుంచో వాడుతున్న ఇంజెక్షనే. ఏడాది నిండిన పిల్లల నుంచి ఆహార అలర్జీలకి కూడా వాడొచ్చని 2024 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. బరువునీ, రక్తంలో ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) ఎంతుందన్నదాన్నీ బట్టి రెండు లేదా నాలుగు వారాలకోసారి వేస్తారు. దాని పరీక్షల్లో 600 మిల్లీగ్రాముల పల్లీ ప్రొటీన్‌ని తట్టుకున్నవాళ్ళు మందు తీసుకున్నవారిలో 67 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 7 శాతం. అంటే మందు తీసుకున్నా మూడో వంతు మందికి ఆ మేరకు రక్షణ రాలేదు. ఇంజెక్షన్లు ఆపేస్తే ఆ రక్షణ కూడా నిలవదు.

నా మటుకు నాకు, ఒక్క పల్లీలతోనే ఇబ్బందయితే, సాయంత్రం ఇంట్లో ఒకరు స్థిమితంగా ఉండగలిగితే ఓఐటీయే నయమనిపిస్తుంది. జీడిపప్పు, పాలు అంటూ జాబితా పెద్దదైతే జోలేర్ గురించి గట్టిగా అడగండి. ఆస్తమా అదుపులో లేకపోతే ఓఐటీ మొదలుపెట్టరు, ఆ సంగతి ముందే చెప్పండి.

ఏది ఎంచుకున్నా ఎపీపెన్‌లు (ప్రాణాపాయమైన అలర్జీ వస్తే వెంటనే గుచ్చే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్నులు) రెండు వెంట ఉండాల్సిందే. "ముందు సెట్రిజిన్ వేసి చూద్దాం" అనే మాట మన ఇళ్ళలో ఎక్కువ. అది దద్దుర్లకీ దురదకీ పనికొస్తుంది, మూసుకుపోతున్న ఊపిరిని తెరవదు. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, దద్దుర్లతోపాటు వాంతులు కనిపిస్తే తొడ బయటివైపు పెన్ను గుచ్చి, ఆ తర్వాత ఇక్కడైతే 911కి, అక్కడైతే 108కి ఫోన్ చెయ్యాలి. ఇండియాలో ఆ పెన్నులు మామూలు మందుల షాపుల్లో దొరకవు, ఇక్కడినుంచే హ్యాండ్ లగేజీలో పట్టుకెళ్ళండి. విజయవాడ ఎండల్లో కారులో వదిలెయ్యొద్దు, వేడికి మందు పాడవుతుంది.

అక్కడ పులిహోర, గుత్తి వంకాయ మసాలా, కారప్పొళ్ళు అన్నిట్లో పల్లీలే. గానుగ నూనె సంగతి చాలామందికి తట్టదు. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు గానీ, గానుగలో ఆడించిన వేరుశనగ నూనెలో మిగిలి ఉండొచ్చు. ఇంకొకటి, ఓఐటీ గురించి విన్నాక మా అత్తయ్యగారు "అలవాటు చెయ్యడమేగా, ఆ పిండేదో నేనే రోజూ కాస్త వేస్తాలే" అన్నారు. ప్రేమతోనే అన్నారు. అయినా ఇంట్లో సొంతంగా చెయ్యకూడని పని అది. మీ వాళ్ళకి వెళ్ళకముందే ఫోన్లో చెప్పి ఉంచండి.

ఓఐటీకే మొగ్గితే ఊరినుంచి తిరిగొచ్చాక మొదలుపెట్టండి. డోసు పెంచే దశలో క్లినిక్‌కి నెలన్నర దూరమైతే డాక్టరు వెనక్కి తగ్గించి మళ్ళీ ఎక్కించాల్సి రావచ్చు. జోలేర్ అనుకుంటే ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి అడుగుతుంది. ఆ కాగితాలకి కొన్ని వారాలు పట్టొచ్చు కాబట్టి, ప్రయాణానికి ముందే డాక్టరాఫీసు చేత పంపించెయ్యండి.