బండి మీది ఎగ్ నూడుల్స్ వేరు, చైనా వాళ్లవి వేరు

ప్రశ్న: మేడం, క్లాక్ టవర్ సెంటర్ దగ్గర బండి మీద ఎగ్ నూడుల్స్ అంటే మా పిల్లలు పడి చస్తారు. మొన్న హైదరాబాద్ నుంచి 'చైనీస్ ఎగ్ నూడుల్స్' ప్యాకెట్ తెచ్చి చేస్తే ముద్దయిపోయింది. రెండూ ఒకటి కావా?
– ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: కావండీ. బండాయన మామూలు నూడుల్స్‌లో పైనుంచి గుడ్డు కొట్టి కలుపుతాడు, చైనా వాళ్లు పిండి పిసికేటప్పుడే గుడ్డు వేస్తారు. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ వైపు సన్న రకాల్లో సోడియం, పొటాషియం కార్బొనేట్లు కలిసిన క్షారపు నీళ్లు కూడా పోస్తారు, అందుకే నూడుల్స్ బిగువుగా ఉంటాయి, పిండికి పసుపు రంగూ వస్తుంది. కాబట్టి పచ్చగా కనిపించింది కదా అని గుడ్డుందని నమ్మకండి, కొన్నిట్లో ఉత్త రంగే ఉంటుంది. శనివారం గుడ్డు ముట్టనివాళ్లు ఇంట్లో ఉంటే ప్యాకెట్ వెనక ఏమేం కలిపారో చదవాల్సిందే.

ఇక ముద్ద సంగతి. నీళ్లు ఎక్కువ పెట్టి, తెర్లుతున్నప్పుడే వేసి, ప్యాకెట్ మీద రాసిన టైం కంటే ఒక నిమిషం ముందే దించండి, ఎందుకంటే మూకుట్లో మళ్లీ ఉడుకుతాయి. వెంటనే చన్నీళ్లు పోసి వడకట్టి, చెంచా నూనె కలిపి వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టండి. నీళ్లు కారుతుండగానే వేశారంటే అవి వేగవు, ఆవిరికి మెత్తబడతాయి. బండి మీద బుస్సుమనే మంట మన ఇంటి స్టవ్‌కు రాదు కదా, నలుగురికీ ఒకేసారి కుమ్మరించకుండా ఒక్కో ప్లేటంత వేయించుకోండి. సోయా సాస్ ఆఖర్న, మూకుడు అంచు వెంట.

ప్రశ్న: చౌమీన్, లోమీన్, హక్కా... హోటల్ మెనూలో ఇన్ని పేర్లెందుకు మేడం?
– డిగ్రీ విద్యార్థి, వనపర్తి

జవాబు: ఉడికించి పెద్ద మంట మీద వేయిస్తే చౌమీన్. హాంకాంగ్‌లో దాన్నే పెనం మీద కరకరలాడేలా కాల్చి పైన గ్రేవీ పోస్తారు, నాకైతే అదే ఇష్టం. వేయించే పని పెద్దగా లేకుండా సాస్‌లో కలిపేస్తే లోమీన్. నూనెలో ముందే వేయించి ఎండబెట్టిన ఈఫూ నూడుల్స్ అని ఇంకో రకం ఉంది, ఆయుష్షు పెరగాలని పుట్టినరోజున తింటారు. హక్కా నూడుల్స్ మాత్రం కోల్‌కతాలో స్థిరపడ్డ హక్కా చైనీయుల పేరు మీద మన దేశంలో పుట్టిన వంటకం, చైనా వెళ్లి అడిగితే దొరకదు.