హెచ్‌బీఏ కార్డు మార్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శనివారం రాత్రి డేటాబేస్ సర్వర్‌లో ఫైబర్ చానల్ హెచ్‌బీఏ కార్డు, అంటే సర్వర్‌ని ఫైబర్ కేబుళ్లతో స్టోరేజీ డిస్కులకు కలిపే కార్డు, నువ్వే మారుస్తున్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషమనిపించింది. స్క్రూడ్రైవర్ ఎలా పట్టుకోవాలో నీకు నేను చెప్పక్కర్లేదు. పాత కార్డు తీసి కొత్తది పెట్టడం చిన్న పనే. రాత్రంతా తినేసేది ముందుగా రాసిపెట్టుకోని సంగతులే, అందుకే ఈ ఉత్తరం.

ముందు కార్డే పోయిందని తేల్చుకో. లింకు పడుతూ లేస్తూ ఉంటే చాలాసార్లు తప్పు, ఫైబర్ కొన గుచ్చే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్‌దో, ఫైబర్ కొన మీద చేరిన దుమ్ముదో అవుతుంది. లినక్స్‌లో ఎఫ్‌సీ (ఫైబర్ చానల్) హోస్ట్ స్టాటిస్టిక్స్ కింద సీఆర్‌సీ తప్పులు (దారిలో డేటా చెడిపోయిన సందర్భాలు), లింక్ ఫెయిల్యూర్లు ఎన్నో కనిపిస్తాయి. ఆ లెక్క హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా ఉంటుంది సుమా, 10 అని ఉంటే పదహారు. వరసగా ఎఫ్‌లే కనిపిస్తే కంగారుపడకు, ఆ డ్రైవర్ ఆ లెక్క ఇవ్వడం లేదంతే. కేబుల్ మార్చి చూడు, తర్వాత మాడ్యూల్ మార్చి చూడు, రెండూ ఒకేసారి మాత్రం వద్దు. కర్నెల్ లాగ్‌లో పీసీఐ ఏఈఆర్ తప్పులు (కార్డుకూ బోర్డుకూ మధ్య లింకువి) వస్తుంటే అప్పుడు కార్డునో స్లాట్‌నో అనుమానించు.

ఇప్పుడు అసలు విషయం. హెచ్‌బీఏలో ఒక్కో పోర్టుకు ఒక్కో డబ్ల్యూడబ్ల్యూపీఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది, 16 హెక్సా అంకెలు. స్టోరేజీ నీ సర్వర్‌ని గుర్తుపట్టేది ఆ నంబరుతోనే. ఏ సర్వర్‌కు ఏ డిస్కు కనబడాలో స్టోరేజీ తేల్చే లన్ మాస్కింగ్ దాని మీదే నడుస్తుంది, ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడాలో తేల్చే స్విచ్ జోనింగ్ కూడా చాలాచోట్ల అంతే. కార్డు మారితే నంబరు మారుతుంది. అంటే నువ్వు కార్డు ఎంత చక్కగా బిగించినా, స్టోరేజీ వాళ్లకు ముందే చెప్పకపోతే ఆ దారిలో ఒక్క డిస్కూ కనబడదు. అర్ధరాత్రి వాళ్లను లేపడం కంటే శుక్రవారమే కొత్త కార్డు బయటికి తీసి, దాని స్టిక్కర్ ఫొటో తీసి, నంబర్లు పంపు. బీ అక్షరం 8లా, డీ అక్షరం 0లా కనిపిస్తాయి. నువ్వు చదువుతుంటే పక్కన ఇంకొకరిని సరిచూడమను. పాత నంబర్లు కూడా సర్వర్ నడుస్తుండగానే రాసుకో. సర్వర్ బూట్ అయ్యేదే స్టోరేజీ నుంచైతే కార్డు బయోస్‌లోని బూట్ సెట్టింగులన్నీ ఫొటో తీసి పెట్టుకో, కొత్త కార్డులో మళ్లీ పెట్టాల్సినవి అవే. కార్డు ఫర్మ్‌వేర్ వెర్షన్ కూడా చూసుకో.

శనివారం డేటాబేస్ ఆపాక, మూత తీయకముందే సర్వర్‌ని ఒకసారి రీబూట్ చెయ్యి. నెలల తరబడి ఆగకుండా నడిచిన సర్వర్లో ఎప్పుడో మార్చిన సెట్టింగేదో రీబూట్ దాకా బయటపడదు. అది ఇప్పుడే తెలిస్తే మంచిది, కార్డు మార్చాక తెలిస్తే నెపం కొత్త కార్డు మీదకు పోతుంది. ఈ ఒక్క పనికి సమయం దండగ అని ఎవరన్నా వినకు.

ముందువైపు గుర్తింపు బటన్ నొక్కి, ర్యాక్ వెనక్కి వెళ్లి నీలం దీపం ఏ సర్వర్‌దో కళ్లతో చూశాకే చెయ్యి పెట్టు. వెనకనుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. కేబుళ్లకు పోర్టు నంబరు రాసి అంటించి, అప్పుడు లాగు. ఫైబర్ కొనలకు వెంటనే టోపీలు పెట్టు, వాటిలోకి తొంగి చూడకు, కంటికి కనిపించని లేజర్ అది. షట్‌డౌన్ అయినా స్టాండ్‌బై కరెంటు బోర్డు మీద ఉంటూనే ఉంటుంది. పవర్ సప్లయిలు రెండు కాబట్టి రెండు కేబుళ్లూ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, లోపలి దీపాలు ఆరాక మొదలుపెట్టు. రిస్ట్ స్ట్రాప్ క్లిప్పు పెయింట్ లేని లోహానికి తగిలించు. కార్డును అంచులతో పట్టుకో, బంగారు పూత కాంటాక్టులకు వేలు తగలనివ్వకు. పెట్టేటప్పుడు రెండు చివర్లా సమానంగా ఒత్తు. పాత కార్డు ఉన్న స్లాట్‌లోనే పెట్టు. పక్క స్లాట్ ఖాళీగా ఉంది కదా అని మారిస్తే, అది లేనే లేని రెండో ప్రాసెసర్‌కు చెందినదైతే కార్డు అసలు కనబడదు.

లేచాక లింకు పచ్చదీపం చూసి సంబరపడకు. కార్డు సరిగా కూర్చోకపోతే ఎనిమిది లేన్లకు (డేటా నడిచే వరసలకు) బదులు నాలుగింటి మీద కూడా పనిచేస్తుంది. పీసీఐ లింక్ స్టేటస్‌లో వెడల్పు, వేగం చూడు. మల్టీపాత్‌లో, అంటే ఒకే డిస్కుకు ఉన్న పలు దారుల జాబితాలో, దారులన్నీ ముందు ఎన్ని ఉన్నాయో అన్నీ వచ్చాయా లెక్కపెట్టు. తర్వాత సర్వర్‌లో ఉన్న రెండో హెచ్‌బీఏ కార్డు పోర్టులను స్విచ్ వైపు నుంచి ఒక్కొక్కటిగా ఆపించి, కొత్త దారుల మీద డేటా నడుస్తోందని చూసుకో. అప్పుడే డేటాబేస్ వాళ్లకు అప్పగించు.

పాత కార్డును యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, ఏ సర్వర్, ఏ స్లాట్, ఏ పోర్టులో తప్పు వచ్చిందో కవర్ మీద రాయి. ఒకట్రెండు రోజులు అంతా బాగుంటే పాత డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లను జోనింగ్‌లోంచీ మాస్కింగ్‌లోంచీ తీయించు. ఆ కార్డు బాగుపడి రేపు ఇంకే సర్వర్‌లోనో చేరితే, మీ డేటాబేస్ డిస్కులు దానికి కనబడకూడదు కదా.

శనివారం రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టను, ఎంత రాత్రయినా మొహమాటపడకుండా చెయ్యి.

ఇట్లు,
మామయ్య