నాటకంలోని మాట ఎవరిది?

బరంపురం

అమ్మాయీ,

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన నీ సిద్ధాంత వ్యాసం అధ్యాయం అందింది. రెండుసార్లు చదివాను. కన్యాశుల్కం మీద నువ్వు చూసిన చూపు బాగుంది. కానీ 'పుట 84' అని ఇచ్చిన చోట ఆగిపోయాను. నా దగ్గరున్న ప్రతిలో 84వ పుట తీస్తే అక్కడ వేరే సంభాషణ ఉంది. నీ పుస్తకం ఒకరు అచ్చువేసింది, నాది మరొకరు అచ్చువేసింది. నువ్వు చెప్పిన మాట వెతకడానికి నాకు అరగంట పట్టింది. పరీక్షకుడికి అంత ఓపిక ఉంటుందని అనుకోకు.

నాటకానికి పుట సంఖ్య ఒక్కటే చాలదు. అంకం చెప్పాలి, రంగం చెప్పాలి. కన్యాశుల్కంలో రంగాన్ని 'స్థలము' అన్నారు కాబట్టి నువ్వూ అదే మాట వాడు. మొదటి అంకం, మొదటి స్థలం అంటే విజయనగరంలో బొంకులదిబ్బ. నీ దగ్గరున్న రచనను ఎవరు అచ్చువేసినా అదే. ఆ తర్వాత కావాలంటే పుట కూడా వెయ్యి, సాయంగా ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు షేక్‌స్పియర్‌ను అంకం, రంగం, పంక్తి లెక్కన చూపిస్తారు. హామ్లెట్ మూడో అంకం, మొదటి రంగం అంటే 3.1 అని రాసి, చుక్క పెట్టి పంక్తి సంఖ్య వేస్తారు. పరిశోధనలో ఆధారాలు చూపించే ఎం.ఎల్.ఏ. పద్ధతిలో అయినా ఏ.పి.ఏ. పద్ధతిలో అయినా పుటకు బదులు ఇదే. మన వచన నాటకాలకు పంక్తి సంఖ్యలు ఉండవు, వాటి కోసం టెన్షన్ పడకు.

ఏ పాఠమో, అంటే రచన ఏ రూపమో, చెప్పడం ఇంకా ముఖ్యం. కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. మొదటిది ఐదంకాలు, రెండోది ఏడు. మధురవాణి ఇంతటి మనిషి అయింది రెండోదాంట్లోనే. 'మూడో అంకంలో' అని నువ్వు ఊరికే రాస్తే ఏ నాటకం మూడో అంకం? హామ్లెట్‌కూ ఇదే చిక్కు. 1603లో వచ్చిన మొదటి అచ్చులో 'టు బీ ఆర్ నాట్ టు బీ' ప్రసంగం మాటలూ వేరు, వచ్చే చోటూ వేరు.

ఇంకొకటి. నువ్వు 'గురజాడ, 2010' అని వేశావు. ఆయన 1915లో పోయారు. 2010 నీ చేతిలో ఉన్న పునర్ముద్రణ సంవత్సరం మాత్రమే. 1909/2010 అని రెండూ వెయ్యి.

ఇక నాకు అసలు బాధ కలిగించిన వాక్యం దగ్గరికి వస్తాను. వితంతు వివాహం గురించి గిరీశం, బాలవితంతువు బుచ్చమ్మ వినేటట్టు చెప్పే మాటలు తీసుకుని, 'గురజాడ అభిప్రాయపడ్డారు' అని రాశావు. తల్లీ, అక్కడ మాట్లాడుతున్నది గురజాడ కాదు, గిరీశం. ఆ అమ్మాయి మీద కన్నేసి మాట్లాడుతున్నాడు. నవలలో రచయిత గొంతు అప్పుడప్పుడు వినిపిస్తుంది, నాటకంలో ఆ అవకాశమే ఉండదు. ప్రతి మాటా ఒక పాత్రది, ఎదుట చాలాసార్లు ఇంకో పాత్ర ఉంటుంది, ఆ ఘడియకు ఒక అవసరం ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో నీ వాక్యంలోనే చెప్పు. గురజాడ సొంత మాట కావాలంటే రెండు కూర్పులకూ ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికలు ఉన్నాయి, అక్కడ చూడు. పీఠికకు అంకం ఉండదు కాబట్టి పుట సంఖ్యే ఇవ్వాలి.

ఇద్దరి సంభాషణ ఎత్తి రాసేటప్పుడు వాక్యం మధ్యలో ఇరికించకు. విడిగా, కొంచెం లోపలికి జరిపి, పాత్ర పేరుతో ఒక్కో మాటా కొత్త పంక్తిలో మొదలుపెట్టు. రంగసూచన అయితే రంగసూచన అని చెప్పు. పాత్ర పలికే యాసను మాత్రం దిద్దకు. రెండు చోట్ల నువ్వు దిద్దావు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది మీ ఊళ్ళో పాఠాలు చెబుతూనే కదా.

నా సంగతి ఒకటి చెబుతాను. ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక పద్యనాటకం మీద వ్యాసం రాశాను. రాత్రంతా కూర్చుని చూసిన ప్రదర్శనలో విన్న పద్యాన్ని జ్ఞాపకం మీద రాసి, కింద కవి పేరు పెట్టాను. అచ్చయ్యాక ఒక పెద్దాయన కార్డు రాశారు, ఆ చివరి పాదం పుస్తకంలో లేదు, నటుడు మార్చి పాడుతున్నాడు అని. కవి రాయని మాటను ఆయనకు అంటగట్టాను. తర్వాతి సంచికలో సవరణ వేయించాను గానీ, వ్యాసం చదివినవాళ్ళందరూ సవరణ చదివి ఉండరు. ఆ దిగులు ఇప్పటికీ ఉంది.

అందుకే రంగస్థలం మీద విన్నదాన్ని ప్రదర్శనగానే చూపించు. ఏ నాటక సమాజం, ఎవరి దర్శకత్వం, ఏ ఊరు, ఏ తేదీ, అన్నీ రాయి. చింతామణి విషయంలో ఏం జరిగిందో గుర్తుచేసుకో. కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది ఒకటి, ఊళ్ళల్లో సుబ్బిశెట్టి పాత్రను పెంచి ఆడింది ఇంకొకటి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. దాని గురించి రాసేవాళ్ళు పుస్తకాన్ని అంటున్నారో ప్రదర్శనను అంటున్నారో విడదీయకపోతే, నారాయణరావు గారికి అన్యాయం చేసినట్టే.

మన గంజాం జిల్లా ప్రహ్లాద నాటకం మీద రెండో అధ్యాయం రాస్తానన్నావు. నాకు చాలా సంతోషం. దానికి కర్తగా జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు చెబుతారు. జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకమేమో ఒడియాలో, ఇక్కడి పల్లెల్లో ఆడుతోంది. అచ్చు ప్రతి ఒక్కటే తీసుకుంటే నీకు సగమే దొరుకుతుంది. మెట్ల వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కి దిగడం, ముఖ్య గాయకుడైన గాహకుడు పాట ఎత్తుకోవడం ఆ ప్రతిలో ఎక్కడ కనిపిస్తాయి? వెళ్ళి చూడు. రికార్డు చేసే ముందు బృందం పెద్దను అడుగు. ఫోను ముందు పెట్టి ఊరి పేరు, తేదీ నీ గొంతుతోనే చెప్పు, తర్వాత మర్చిపోతావు. ఒడియా మాటల్ని తెలుగు లిపిలో రాస్తే, కింద అర్థం ఇచ్చి 'అనువాదం నాది' అని వెయ్యి. ఇంకొకరు చేసిన అనువాదమైతే వాళ్ళ పేరు వెయ్యి.

వచ్చే ఆదివారం బస్సెక్కి రా. మీ అత్తయ్య నీ కోసం అరిసెలు దాచింది. నీ ప్రతి తెచ్చుకో, నాదీ తీసి పెడతాను. గిరీశం మాటలున్న పుటలన్నిటికీ అంకం, స్థలం కలిసి కూర్చుని రాద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు