కువైట్‌కు పిల్లల్ని తీసుకెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి రమణకు,

లక్ష్మినీ పిల్లలనూ ఈ వేసవిలో కువైట్‌కు పిలిపించుకుంటున్నావని వదిన ఫోన్ చేసి చెప్పింది. మంచి పని చేస్తున్నావు నాయనా. మన కడప జిల్లాలో ఎంతమంది పిల్లలు తండ్రిని ఫోన్‌లోనే చూస్తూ పెరుగుతున్నారో నీకు తెలుసు. నీ పిల్లలకు ఆ గతి తప్పుతుందంటే నాకు గర్వంగా ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. సుమారు 1,70,000 మంది మన భారతీయులను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. 2020లో కరోనా మళ్లీ అలాగే తరిమింది. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. పాపకు మూడో తరగతి ఏడాది మళ్లీ రాదు.

వీసాలు, ఇల్లు నీకు తెలిసిన పనులే. స్కూలు మాత్రం సీబీఎస్‌ఈదే చూడు, వెనక్కి వస్తే ఇక్కడ అదే సిలబస్ దొరుకుతుంది. ఏడాది ఫీజు, బస్సు, పుస్తకాల ఖర్చు ఇక్కడి బ్యాంకులో విడిగా పెట్టి, ఆ కార్డు లక్ష్మి చేతిలో ఉంచు. అవసరమైతే చీటీ పాడదాంలే అనుకోకు. అందరికీ ఒకేసారి డబ్బు కావాల్సొచ్చిన రోజున చీటీలూ ఆగిపోతాయి.

కాగితాలు మూడు సెట్లు చెయ్యి: పుట్టిన సర్టిఫికెట్, ఇక్కడి బడి టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, కుల ధ్రువపత్రం, టీకాల కార్డు. ఒకటి నీ దగ్గర, ఒకటి వదిన దగ్గర, మూడోది స్కాన్ చేసి మెయిల్లో. అక్కడి స్కూల్లో ఏటా మార్చిలో ప్రోగ్రెస్ కార్డుతోపాటు బోనఫైడ్ కూడా తీసుకో. గొడవలొచ్చాక అడుగుదామంటే ఆఫీసులో మనిషే ఉండడు. టీసీ మీద అక్కడి విద్యాశాఖ ముద్ర, మన ఎంబసీ ముద్ర అడిగే స్కూళ్లున్నాయి కాబట్టి తీరిగ్గా వచ్చేట్టయితే అవీ వేయించుకో. టీసీ లేకుండా వచ్చేసినా కంగారు పడొద్దు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లను టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి ఆపకూడదు. విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

ఇంకో మాట. పాప తొమ్మిదో తరగతికి వచ్చేలోపే ఇక్కడికి తేవాలా వద్దా అన్నది తేల్చుకో. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఇక్కడ చదివితేనే లోకల్ కోటాకు అర్హత అన్నది 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ ఉన్న మూలసూత్రం. ఇంజినీరింగ్, మెడిసిన్ కన్వీనర్ సీట్లలో అదే చూస్తారు. మినహాయింపులు మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకో.

ఇక నా భయమంతా దేని గురించో చెబుతా. బడి ఆరు నెలలో ఏడాదో ఆగి మళ్లీ తెరిచినప్పుడు పెద్దవాళ్లు ఎప్పుడూ చేసే తప్పు ఒకటుంది. వయసు చూసి పై తరగతిలో కూర్చోబెట్టి, ఆ తరగతి మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు. కరోనాలో రాష్ట్రమంతా ఇదే చేసింది. 2022లో పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వేవాళ్లు మన ఆంధ్ర పల్లెల్లో మూడో తరగతి పిల్లల చేత చదివిస్తే, రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 10.3 మందే తేలారు. 2018లో 22.6 మంది ఉండేవాళ్లు. చదవడం రాని పిల్లకు లెక్కా రాదు, సైన్సూ రాదు, ఎందుకంటే ప్రశ్నే అర్థం కాదు. అప్పుడు తల్లిదండ్రులు ట్యూషన్ పెడతారు. ట్యూషన్లో హోంవర్క్ పూర్తి చేయించి పంపుతారు. నోట్సు నిండుతుంది, పిల్లకు ఏమీ రాదు.

అందుకే ముందు పిల్ల ఎక్కడ ఆగిందో కనుక్కో. కాగితం మీద పది అక్షరాలు, పది చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది వాక్యాల కథ రాయి. పేరాతో మొదలుపెట్టు. మూడుకు మించి తప్పుల్లేకుండా ధారగా చదివితే కథ ఇవ్వు. తడబడితే మాటలు ఇచ్చి ఏవైనా అయిదు చదవమను, నాలుగు సరిగ్గా రావాలి. అవీ రాకపోతే అక్షరాలకు దిగు. తన పుస్తకం మాత్రం ఇవ్వకు. పిల్లలు పాఠం వినీ వినీ బొమ్మ చూసి గడగడా అప్పజెప్పేస్తారు. పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెడితే మొదటి లైను నుంచి మళ్లీ అందుకుంటారు. 'పలక' చదివే పిల్ల 'అక్క'ను 'అక' అని, 'చెట్టు'ను 'చెటు' అని వత్తు మింగేస్తే వత్తుల దగ్గరే ఆగిందన్నమాట. ఏ తరగతిలో ఉన్నా సరే, అక్కణ్నుంచే ఎత్తుకోవాలి. ఇంగ్లిషుకూ ఇదే పద్ధతి.

రోజుకు గంట చాలు, ఆదివారం వదిలెయ్. అరగంట పైకి చదివించు, పావుగంట నువ్వు చెప్పిన మాటలు రాయించు, పావుగంట అప్పు తెచ్చే తీసివేతలు చేయించు. కొట్టొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు. నీ కోపం నాకు తెలుసు, అందుకే లక్ష్మిని కూర్చోమను. మన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషు ఉంటాయి. రెండు, మూడు తరగతులవి పెట్టెలో పెట్టుకెళ్లండి. అక్కడ తెలుగు చదివించే దిక్కు మీరిద్దరే.

బయల్దేరేలోపే పాపకు ఆ పరీక్ష ఒకసారి పెట్టి, ఎక్కడుందో తేదీ వేసి రాసి నాకు పంపు. ఆరు నెలలకోసారి మళ్లీ పెట్టు. చిన్నోడికి ఇంకా వయసు రాలేదు, వాణ్ని ఆడుకోనీ.

మీ అత్త