సాలెపురుగు కీటకమేనా? చెట్ల ‘పైకప్పు’లో ఉంటుందా?

సందేహం: నమస్కారం మాస్టారూ. పిల్లల కోసం వ్యాసం రాస్తూ “వర్షారణ్యాల్లో చెట్ల పైకప్పులో 3 కోట్ల కీటకాలు, సాలీడులు ఉన్నాయని 1982లో టెర్రీ ఎర్విన్ లెక్క వేశారు” అని రాశాను. సాలెపురుగు కూడా పురుగే కదా, కీటకాలు అంటే చాలదా అన్నారు మా హెడ్‌మాస్టరు గారు. ‘పైకప్పు’ కూడా ఆయనకు నచ్చలేదు. ఏది సరైనదో చెప్పగలరు. – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: పురుగు, కీటకం ఒకే కొలత గల మాటలు కావమ్మా. మన ‘పురుగు’ చాలా విశాలమైంది. పేడపురుగు, గొంగళిపురుగు, సాలెపురుగు అన్నీ అందులో ఇముడుతాయి. పల్లెల్లో పాము కరిస్తే దాని పేరెత్తడానికి జంకి ‘పురుగు ముట్టింది’ అంటారు. తొలకరికి ఎర్రటి మఖమల్ ముక్కల్లా నేల మీదికి వచ్చే ఆరుద్రపురుగుకు ఎదిగాక ఎనిమిది కాళ్ళుంటాయి. అది సాలీడుకే దగ్గరి చుట్టం. కాళ్ళు లెక్కపెట్టి పెట్టిన పేర్లు కావివి, వీటిలో తప్పేమీ లేదు.

‘కీటకం’ సంగతి వేరు. సంస్కృతంలో అదీ చిన్న పురుగులకు వాడిన మాటే. కానీ ఇవాళ పాఠ్యపుస్తకాల్లో అది పరిభాషగా స్థిరపడింది. కీటకానికి ఆరు కాళ్ళు, మూడు భాగాల శరీరం. సాలీడుకు ఎనిమిది కాళ్ళు, రెండే భాగాలు. హెడ్‌మాస్టరు గారి వాదన ‘పురుగులు’ అన్నచోట చెల్లుతుంది, ‘కీటకాలు’ అన్నచోట చెల్లదు.

మీ వాక్యంలో ఈ తేడా మరీ ముఖ్యం. అమెరికా కీటక శాస్త్రవేత్త ఎర్విన్ మధ్య అమెరికాలోని పనామాలో ఒకే జాతికి చెందిన 19 చెట్లకు పురుగుమందు పొగ పట్టించి, రాలినవాటిలో పెంకుపురుగులను వేరుచేశారు. దాదాపు 1,200 జాతులు తేలాయి. వాటిలో 163 జాతులు ఆ చెట్టునే నమ్ముకుని బతుకుతాయనుకుని, ఉష్ణమండలంలోని చెట్ల జాతులు 50,000 అనుకుని హెచ్చవేస్తే పెంకుపురుగులే 80 లక్షల జాతులు దాటాయి. కీటకాలు, సాలీళ్ళు వంటి కీళ్ళకాళ్ళ జీవులన్నిటిలో పెంకుపురుగులు నూటికి 40 అనుకుంటే చెట్ల మీదివే 2 కోట్లు. నేల మీదివి కూడా కలిపితే 3 కోట్లు. అంటే అందులో సాలీళ్ళు ముందే ఉన్నాయి. వాటిని విడిగా చేర్చనక్కర్లేదు, అలాగని మొత్తాన్నీ కీటకాలనీ అనకూడదు. వీటన్నిటినీ కలిపి పుస్తకాల్లో ‘సంధిపాద జీవులు’ అంటారు. పిల్లలకు ‘కీళ్ళకాళ్ళ జీవులు’ అంటే వెంటనే బోధపడుతుంది, నా ఓటు దానికే.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ‘3 కోట్ల కీటకాలు’ అంటే ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టినట్టు అర్థం వస్తుంది. ‘జాతులు’ అన్న మాట తప్పకుండా ఉండాలి. ‘రకాలు’ కూడా వద్దు. బంగినపల్లి, రసాలు రకాలు, మామిడి జాతి. ‘లెక్క వేశారు’ బదులు ‘అంచనా వేశారు’ అనండి. తర్వాతి పరిశోధకులు ఆ 3 కోట్లను కోటిలోపుకే దించేశారు మరి. పనామాలోనే సాన్ లొరెంజో అడవిలో అర హెక్టారు లోపు స్థలంలో 6,144 జాతుల కీళ్ళకాళ్ళ జీవులు దొరికాయని 2012లో ప్రకటించారు. అది లెక్క. దాన్నిబట్టి 6,000 హెక్టార్ల ఆ అడవి మొత్తంలో 25,000 జాతులు ఉండొచ్చన్నారు. అది అంచనా.

ఇక ‘పైకప్పు’. కప్పు, పందిరి, వితానం, ఏదైనా మనం దాని కింద ఉంటాం గాని దానిలో ఉండం. వర్షారణ్యంలో చెట్ల పైభాగం మీటర్ల మందాన కొమ్మలు, ఆకులు, తీగలు పెనవేసుకున్న చోటు. నేల ముఖం చూడకుండా అక్కడే పుట్టి అక్కడే పోయే జీవులు ఎన్నో. 1990 నుంచి పనామాలో శాస్త్రవేత్తలు భవనాలు కట్టే క్రేన్లకు వేలాడే బుట్టల్లో కూర్చుని పైనుంచి అందులోకి దిగి చూస్తున్నారు. ఇలా లోపలికి దిగగలిగేదాన్ని కప్పు అనడం నాకూ నచ్చదు. పిట్ట గుబురులో దాక్కుంది అంటాం కదా, అలాగే ‘చెట్ల పైగుబురు’ అనండి. ‘చిటారుకొమ్మలు’ అందమైన మాటే గాని ఇక్కడ చాలదు, అది కొసకొమ్మలను మాత్రమే చెబుతుంది.

మీ వాక్యం ఇలా మార్చుకోవచ్చు: “వర్షారణ్యాల్లో చెట్ల పైగుబుర్లలోనే 2 కోట్ల జాతుల కీళ్ళకాళ్ళ జీవులు ఉండవచ్చనీ, నేల మీదివి కూడా కలిపితే 3 కోట్లవుతాయనీ 1982లో టెర్రీ ఎర్విన్ అంచనా వేశారు. తర్వాతి అంచనాలు దీన్ని బాగా తగ్గించాయి.”

వ్యాసంలో మరోచోట సాలీడును బహువచనంలో రాయాల్సి వస్తే, గూడు గూళ్ళు అయినట్టే సాలీడు సాలీళ్ళు అవుతుంది. ‘సాలీడులు’ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.