మీరడిగారు, మేం చెప్తున్నాం: మనాలీ మంచు, క్రిబ్బులో గడ్డి, సంక్రాంతి కొలువు

డిసెంబర్ వచ్చిందంటే బెంగళూరు నుంచి మాకొచ్చే ఉత్తరాలు రెండే రకాలు. పిల్లలకి క్రిస్మస్ సెలవులిచ్చారు ఎక్కడికి పోదాం అనేది ఒకటి, సంక్రాంతికి ఇక్కడ ఒక్కరోజే సెలవు, ఊరెళ్ళడం కుదరదు ఇంట్లోనే ఏం చేద్దాం అనేది ఇంకోటి. ఈసారి రెండూ కలిపే తీసుకున్నాం.

అక్కా, క్రిస్మస్ సెలవుల్లో మనాలీ వెళ్దామని మావారు ఫ్లైట్ టికెట్లు బుక్ చేసేశారు. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి నాలుగు, మా అత్తయ్య కూడా వస్తున్నారు, ఆవిడకి బీపీ, మోకాళ్ళ నొప్పులు. అసలు ఆ టైంలో మంచు పడుతుందా? పిల్లలు మంచు మంచు అని ఒకటే గొడవ. ఏమేం సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

అమ్మా, ముందే చెప్పేస్తున్నా, డిసెంబర్ చివర్లో మనాలీ ఊళ్ళో మంచు పడుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ప్యాకేజీ అమ్మేవాళ్ళు ఇస్తారు అది వేరే విషయం. మనాలీ ఉండేది సుమారు 2,050 మీటర్ల ఎత్తులో, అక్కడ గట్టిగా మంచు చూడాలంటే జనవరి, ఫిబ్రవరి నయం. మధ్యధరా సముద్రం వైపు నుంచి తేమ మోసుకొచ్చే పశ్చిమ కల్లోలాలు ఎప్పుడు తగులుతాయో దాన్ని బట్టే మంచు, మన సెలవుల్ని బట్టి కాదు. పది రోజుల ముందు యాప్‌లో చూసి మురిసిపోవద్దు, బయల్దేరే ముందు నాలుగైదు రోజుల ఫోర్‌కాస్ట్ చూస్తే అది కాస్త నమ్మొచ్చు.

ఊళ్ళో లేకపోయినా పైన సోలాంగ్‌లోనో, అటల్ టన్నెల్ దాటాక సిస్సు దగ్గరో దొరికే ఛాన్స్ ఎక్కువ. ఆ టన్నెల్ 2020 అక్టోబర్‌లో ఓపెన్ చేశారు, 9.02 కిలోమీటర్లు, కారు అద్దం నుంచి చూస్తే ఇటు ఒక లోకం అటు ఇంకో లోకంలా ఉంటుంది. కానీ ఇక్కడే ఉంది చిక్కంతా. మంచు లేకపోతే పిల్లలు ఏడుస్తారు, మంచు బాగా పడితే పోలీసులు రోడ్డు ఆపేస్తారు, చెయిన్లు కట్టిన ఫోర్ బై ఫోర్ బండ్లనే వదుల్తారు, ఒక్కోసారి వాటినీ వదలరు. 2024లో సరిగ్గా క్రిస్మస్ ముందు సోలాంగ్‌కీ టన్నెల్‌కీ మధ్య వందల బండ్లు ఇరుక్కుపోయి జనం గంటలకొద్దీ కార్లలోనే కూచున్నారు. అందుకే నా మాట, మంచు పడుతున్న రోజున కాదు, పడి ఆగి ఎండ కాసిన మర్నాడు వెళ్ళండి, తెల్లారగానే బయల్దేరి మధ్యాహ్నానికల్లా కిందకి వచ్చేయండి. రోజుకో ఊరు తిరిగే ప్లాన్ వద్దు, ఒకే రూములో మూడు నాలుగు రాత్రులు పెట్టుకుంటే ఏ రోజు పైకెళ్ళాలో అక్కడే తేల్చుకోవచ్చు. కారులో నీళ్ళు, మరమరాల ఉండలు, చక్కిలాలు, ఒక దుప్పటి, చిన్నపాపకి డైపర్లు (నాలుగేళ్ళు కదా అనుకోకండి, ట్రాఫిక్‌లో మీకే తెలుస్తుంది) పెట్టుకోండి.

అత్తయ్యగారి సంగతి. టన్నెల్ పదివేల అడుగుల పైన ఉంది, బీపీ మందులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో ఇక్కడే డాక్టర్‌ని అడిగి వెళ్ళండి. అక్కడ తలనొప్పి, వాంతులొస్తే కాఫీ తాగి సర్దుకుంటుందిలే అని ఉండిపోకుండా కిందకి దిగిపోవడమే మందు. నిజానికి ఆవిడకి ఎత్తు కన్నా ఎక్కువ ప్రమాదం జారుడు. పగలు కరిగిన నీళ్ళు తెల్లారేసరికి రోడ్డు మీద గాజులా గడ్డకట్టి ఉంటాయి, కంటికి తడి రోడ్డులాగే కనిపిస్తాయి. పట్టున్న షూ, చేతికర్ర, పక్కన ఒక మనిషి, ఈ మూడూ లేకుండా ఆవిణ్ణి దిగనివ్వొద్దు.

బట్టల్లో ఒక్కటే రూలు, ఒంటికి తగిలేది కాటన్ కాకూడదు, చెమటకో మంచుకో తడిసిందంటే ఆరదు, చలి లోపలికి పట్టేస్తుంది. థర్మల్స్, దాని పైన ఉన్ని స్వెట్టరు, పైన గాలీ తడీ ఆపే జాకెట్. పై సూట్లు, బూట్లు సోలాంగ్ దారి పొడుగునా అద్దెకిస్తారు, కొనక్కర్లేదు. జాకెట్ కూడా కొనేముందు ఒకసారి అపార్ట్‌మెంట్ గ్రూపులో అడగండి, అమెరికా నుంచి తిరిగొచ్చిన వాళ్ళ అటకల మీద ఎన్ని ఉన్నాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు. సన్‌స్క్రీన్, నల్ల కళ్ళద్దాలు మాత్రం పిల్లలకి కూడా ఉండాలి, తాజా మంచు ఎండలోని యూవీని 80 శాతం దాకా తిప్పికొడుతుంది, చలిలో తెలీదు గానీ సాయంత్రానికి ముక్కు కాలిపోయుంటుంది. ఫోన్ చార్జింగ్ కూడా చలికి చటుక్కున దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి, పవర్ బ్యాంకు హ్యాండ్ బ్యాగులోనే, చెక్ ఇన్‌లో ఒప్పుకోరు. ఇంకోటి ముఖ్యం, రూములో బొగ్గుల కుంపటి పెట్టిస్తామంటే వద్దనండి, తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది.

రోడ్డు మూసేసిన రోజు ఉంటుందనే అనుకుని పెద్దవాడికి కాసిని తెల్ల కాగితాలు, కత్తెర (చెక్ ఇన్ పెట్టెలో) పట్టుకెళ్ళండి. నిజంగా మంచు రాలుతుంటే నల్ల జాకెట్ చేతి మీద ఒక్క రేణువు పట్టి ఊపిరి తగలకుండా చూడమనండి, ఆరు కొమ్మలు కనిపిస్తాయి. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల గూడు కట్టుకుంటాయి, ఆ లెక్కే పైకి అలా తేలుతుంది. తర్వాత రూముకొచ్చి కాగితం సగానికి మడిచి, దాన్ని మడత మధ్య నుంచి విసనకర్రలా మూడు భాగాలుగా మడిచి కత్తిరించమంటే ఆరు కొమ్మల స్నోఫ్లేక్ వస్తుంది. అవి పారేయకండి, కింద ఉత్తరంలో వాటి పని చెప్తా.

మా పిల్లలు ఈసారి క్రిబ్బు (క్రిస్మస్‌కి పెట్టే, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ) కొనొద్దు ఇంట్లోనే చేద్దాం అంటున్నారు. గడ్డి, మంచు ఎలా చేయాలి?
– ఒక తండ్రి, హోరమావు

అన్నా, ప్లాస్టిక్ గడ్డి వద్దు. గోవా, మంగళూరు వైపు క్రిబ్బుకి రాగులు మొలకెత్తిస్తారు. రాగులు ఒక రాత్రి నానబెట్టి, మట్టి పరిచిన ట్రేలో ఒత్తుగా చల్లి, పైన తడి గుడ్డ కప్పి రోజూ నీళ్ళు చిలకరించండి, వారం పది రోజుల్లో పచ్చగా లేస్తుంది, అంటే డిసెంబర్ 14, 15కే మొదలుపెట్టాలి. పశువుల పాకకి అట్టపెట్టె, కొండలకి బంక పూసి నలిపిన బ్రౌన్ పేపర్ చాలు. దూది మంచు అందంగానే ఉంటుంది గానీ సీరియల్ లైట్లకి తగలనివ్వద్దు, అంటుకుంటే ఆపలేం.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాలని కోరిక. ఇక్కడ అందరూ దసరాకి పెడతారు, సంక్రాంతికేంటని పక్కింటావిడ అడిగింది. నా దగ్గర బొమ్మలు కూడా పెద్దగా లేవు, రెండు బెడ్‌రూముల ఇల్లు.
– ఒక కోడలు, కె.ఆర్. పురం

ఆవిడ అడగడంలో తప్పేం లేదమ్మా, కన్నడిగులకి గొంబె హబ్బ దసరాకే. కోస్తాలో చాలా ఇళ్ళల్లో సంక్రాంతికి పెడతారని చెప్పి పేరంటానికి పిలవండి, ఆవిడే మొదట వస్తుంది.

బొమ్మలు లేవని దిగులెందుకు, ఏటికొప్పాక దాకా పోనక్కర్లేదు. మైసూరు రోడ్డులో 60 కిలోమీటర్లు వెళ్తే చెక్క బొమ్మల ఊరు చన్నపట్న ఉంది. మన ఏటికొప్పాక వాళ్ళు వాడే అంకుడు కర్రే వాళ్ళూ వాడేది, ఆలె మర అంటారు. అదే లక్క, అలాగే తిరిగే చెక్క మీద రంగు కర్రని ఒత్తిపట్టడం, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. కాబట్టి మూడు నాలుగు కొంటే మన కొలువులో పరాయి బొమ్మల్లా ఉండవు. మిగతావి పిల్లలతో చేయించండి. పాత పేపరు రాత్రంతా నానబెట్టి రుబ్బి, మైదా జిగురు, చారెడు మెంతిపిండి కలిపితే ముద్ద అవుతుంది, మెంతి చేదుకి పురుగు పట్టదు. ఆవు, రైతు, బండి చేసి బాగా ఎండాక (మబ్బు రోజుల్లో నాలుగైదు రోజులు పడుతుంది, తొందరపడితే లోపల బూజు) రంగులేయండి.

మెట్లు మూడు చాలు, బేసి సంఖ్య చూసుకోండి. కింద ఊరు సెట్టింగుకి ఇసకలో ఆవాలు చల్లితే మూడు నాలుగు రోజుల్లో పొలం మొలుస్తుంది, హోరమావు అన్నయ్య క్రిబ్బు గడ్డి కిటుకే ఇదీ. సెలవుల్లో మనాలీ వెళ్ళొచ్చిన మారతహళ్ళి పిల్లలుంటే ఒక మూల కొండ పెట్టి పైన ఆ కాగితపు స్నోఫ్లేకులు అతికించుకోవచ్చు, కొలువులో ఇది ఉండకూడదనే రూలేం లేదు. పెద్దవాళ్ళు సణిగితే పై మెట్టు మీద దేవుళ్ళని పెట్టి కింద మెట్టు పిల్లలకి వదిలేశామనండి.

అక్కా, మాది అనంతపురం, అత్తగారిది మైసూరు. ఎళ్ళు బెల్లలోకి (కన్నడిగులు సంక్రాంతికి పంచే నువ్వులు, బెల్లం) సక్కరె అచ్చు, అంటే పంచదార బొమ్మలు, నేనే చేస్తానని మాటిచ్చేశా. పాకం గిన్నెలోనే గట్టిపడిపోతోంది, పోసినవి అచ్చుకి అతుక్కుపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, బసవనగుడి

రెండు చోట్ల తేడా వస్తోంది. చెక్క అచ్చులు ముందు రాత్రే నీళ్ళల్లో నానేయాలి, పొడి అచ్చు పాకాన్ని పట్టేసుకుంటుంది. పోసేముందు తుడిచి, రెండు ముక్కలు కలిపి రబ్బరు బ్యాండు గట్టిగా వేయండి. పంచదార మునిగేన్ని నీళ్ళు పోసి మరిగించి, రెండు చెంచాల పాలు వేస్తే మురికంతా తెట్టులా పైకొస్తుంది, తీసేసి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఇక అసలు సంగతి, మొత్తం పాకం ఒకేసారి కాయకండి. చిన్న గిన్నెలో ఒక గరిటెడు తీసుకుని తీగపాకం దాటి బుడగలు చిక్కబడ్డాక దించి, గరిటెతో తిప్పుతూ ఉంటే నీళ్ళలా ఉన్నది ఒక్కసారిగా పాలరంగుకి తిరుగుతుంది. ఆ క్షణంలోనే పోసేయాలి, ఫోన్ మోగినా ఎత్తొద్దు. గిన్నెలో గట్టిపడిపోతే కాసిని నీళ్ళు పోసి మళ్ళీ కాచుకోవచ్చు, ఏం పాడవదు. పది నిమిషాలాగి బ్యాండు తీసి, అచ్చుని నెమ్మదిగా తట్టండి. చిలక ముక్కు, కలశం కొస లాంటి సన్న చోట్లే విరుగుతాయి, కాబట్టి మొదటి వాయి చేప, నక్షత్రం లాంటి తేలిక అచ్చులతో మొదలుపెట్టి చెయ్యి తిరిగాక చిలక జోలికి పోండి.